మనవాళ్లు పోయిన రోజుల్లో ఎవరో చేసిన చిన్న పని మీకేదైనా గుర్తుందా?

పాత డైరీ | సోమవారం, రాత్రి 10:42

నాలుగేళ్ల క్రితం మా తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ వారం ఇంటికి ఎంతమంది వచ్చారో లెక్కలేదు. అందరూ మంచి మాటలే చెప్పి ఉంటారు. ఒక్కటీ గుర్తులేదు. మొహాలు కూడా కలగాపులగంగా ఉన్నాయి.

గుర్తున్నది ఒక్కటే. మూడు వారాల తర్వాత వాడి ఆఫీసు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. చేరి రెండు నెలలేనట, వాడికి స్నేహితుడు కూడా కాదు. వాడి టేబుల్ మీది సామాన్లు తెచ్చాడు. అన్నీ ఒకే అట్టపెట్టెలో కుక్కేసి తేలేదు. వేరువేరు కవర్లలో పెట్టి, ఒక్కో కవరు మీద పెన్సిల్‌తో రాశాడు: ‘పై సొరుగు’, ‘కింది సొరుగు’, ‘మానిటర్ పక్కన’. వెళ్లేటప్పుడు ఒక ఫోటో చేతిలో పెట్టాడు. “సర్దకముందు తీశానక్కా. టేబుల్ ఎలా ఉండేదో ఎప్పుడైనా చూడాలనిపిస్తుందేమోనని” అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ ఫోటోలో మూతపెట్టని నీళ్ల సీసా ఉంది, సగం తాగింది. మానిటర్ అంచుకి ఒక పసుపు చీటీ. దాని మీద వాడి కోడిగీతల్లో ‘ఇన్వాయిస్ మళ్లీ అడగాలి’ అని ఉంది. ఏ ఇన్వాయిస్సో, ఎవర్ని అడగాలో ఇక ఎవరికీ తెలియదు. వాడి మంచి ఫోటోలు ఎన్నో ఉన్నాయి, కానీ దీన్ని చూసినన్నిసార్లు వాటిని చూడలేదు.

మీకూ ఇలాంటిదేదైనా ఉంటే చెప్పండి. పెద్ద సాయాల గురించి కాదు. చేసినవాళ్లు ఈపాటికి మర్చిపోయి ఉంటారనిపించేవి.

రాత్రి డ్యూటీ | సోమవారం, రాత్రి 11:55

ఐసీయూలో నర్సుని, పదకొండేళ్లుగా. అవతలి వైపు నుంచి రెండు మాటలు చెప్తాను.

మనిషి పోయాక లోపలికి ఇంటివాళ్లని పిలిచేముందు మాకు ఐదు నిమిషాలు దొరుకుతాయి, ఒక్కోసారి అదీ దొరకదు. ఆ ఐదు నిమిషాల్లో నేను చేసే పనులు ఏ రికార్డులోనూ రాయం. తల దువ్వుతాను. ట్యూబు కోసం చెంపలకి అంటించిన టేపు జిగురు గీతలుగా మిగులుతుంది, దాన్ని తుడుస్తాను. మానిటర్ శబ్దం ఆపేస్తాను. మంచం పక్క కడ్డీ కిందికి దించి, కుర్చీ దగ్గరికి జరుపుతాను. ఆ కడ్డీ అడ్డంగా ఉంటే చాలామంది ముట్టుకోరు, దూరంగా నిలబడిపోతారు.

ప్రాణం ఉన్నప్పుడూ అంతే. వైర్లు, ట్యూబులు చూసి భయపడి చేతులు కట్టుకుని నిలబడతారు. “చెయ్యి పట్టుకోవచ్చండీ, ఏం కాదు” అని ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు పట్టుకుంటారు.

కెనడాలోని హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో 2013లో ‘త్రీ విషెస్’ అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. చివరి దశలో ఉన్నవాళ్లవో, ఇంటివాళ్లవో కనీసం మూడు కోరికలు తీర్చడం. మొదట 40 మంది రోగులతో చేశారు. ఇష్టమైన పాట పెట్టడం, పెంపుడు కుక్కని లోపలికి రానివ్వడం, ఇంటి నుంచి దుప్పటి తెచ్చి కప్పడం లాంటివి. ఎక్కువ వాటికి ఖర్చేమీ లేదు. మా దగ్గర అలాంటి ప్రాజెక్టేమీ లేదు గానీ, నా బ్యాగులో మూడు రకాల ఫోన్ ఛార్జర్లు ఉంటాయి. పదిమందికి కబురు చెప్పాల్సిన సమయానికే ఇంటివాళ్ల ఫోన్ చచ్చిపోతుంది. ఎన్నిసార్లు చూశానో.

మూడో మెట్టు | మంగళవారం, ఉదయం 7:10

ఏమీ అనుకోకండి, నాకు ఈ టాపిక్ చూస్తేనే చిరాకు. నా భార్య పోయి రెండేళ్లు. దయ వల్ల గాయాలు మానిపోతాయనేది బయటివాళ్లు తమ తృప్తి కోసం చెప్పుకునే మాట. ఏమీ మానలేదు.

“ఏదైనా అవసరమైతే మొహమాటపడకు, చెప్పు” అని కనీసం నలభై మంది అన్నారు. ఆ మాట వినడానికి సాయంలాగే ఉంటుంది. నిజానికి అది నా నెత్తిన ఇంకో పని. నాకేం అవసరమో నేనే ఆలోచించాలి, ఎవరిని అడగొచ్చో బేరీజు వేయాలి, ఫోన్ చేయాలి, వాళ్లు కుదరదంటే “పర్లేదులే” అని నేనే ఓదార్చాలి. నలభైలో ఒక్కరికీ ఫోన్ చేయలేదు.

ఒక్కడు మాత్రం అడక్కుండా వచ్చాడు. కాలేజీ నాటి స్నేహితుడు. “కాయితాలన్నీ బయటికి తియ్యి” అన్నాడు. ఆమె పేరు మీదున్న ఫోన్ కనెక్షన్, కరెంటు, బ్యాంకు, ఇన్సూరెన్స్, అన్నిటికీ ఫోన్లు చేయాలి. అన్నిచోట్లా అదే ప్రశ్న: “ఖాతాదారు అందుబాటులో ఉన్నారా సార్?” మొదటిసారి నేను చెప్పాను. గొంతు పెగల్లేదు. వాడు ఫోన్ తీసేసుకున్నాడు. “లేరండీ, చనిపోయారు” అని ఆ మధ్యాహ్నం వాడు ఆరుసార్లు చెప్పాడు. ఒక్కో నంబరుకీ ఇరవై నిమిషాలు ఆ హోల్డ్ మ్యూజిక్ విన్నాడు. నేను పక్కన కూర్చుని సంతకాలు పెట్టానంతే.

దాంతో గాయం మానిందా? లేదు. ఆ వాక్యం ఆరుసార్లు అనాల్సిన బాధ తప్పింది. అంతే.

వెనక బెంచీ | మంగళవారం, ఉదయం 7:31

అంతే అంటూ పావు పేజీ రాశారు మాస్టారూ.

మూడో మెట్టు | మంగళవారం, ఉదయం 7:40

సరే, ఒప్పుకుంటున్నా. వాడి గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

లెక్కల టీచర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

‘మూడో మెట్టు’ గారు చెప్పిన మాటలో ఒకటి నాకు బాగా తగిలింది: సాయం పేరుతో తిరిగి మన మీదే పని పెట్టడం. దాని గురించి గట్టిగా ఆలోచించిన ఒకాయన ఉన్నాడు. జెరోమ్ మోటో, శాన్‌ఫ్రాన్సిస్కోలో సైకియాట్రిస్టు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్నప్పుడు, అంతకుముందు ఏదో కొద్దిపాటి పరిచయమున్న ఒక అమ్మాయి ఆయనకి ఉత్తరాలు రాస్తూ ఉండేదట. ఆ ఉత్తరాల్లో గొప్ప విషయాలేం లేవు. కానీ ఎవరో ఒకరు తనని తలుచుకుంటున్నారన్నది ఆయన మనసులో ఉండిపోయింది.

తర్వాత ఆయన ఒక ప్రయోగం చేశాడు. తీవ్రమైన నిస్పృహతోనో, ఆత్మహత్య ఆలోచనలతోనో ఆసుపత్రిలో చేరి, బయటికొచ్చాక చికిత్స వద్దన్నవాళ్లు 843 మంది. వాళ్లని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఉత్తరాలు, రెండో గుంపుకి ఏమీ లేదు. ఉత్తరమంటే రెండు మూడు వాక్యాలే: మీరు వెళ్లి కొన్నాళ్లయింది, బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, సంతోషిస్తాం. అంతవరకే. చికిత్సకి రమ్మనలేదు, మందులు వేసుకుంటున్నారా అని అడగలేదు. ఆసుపత్రిలో వాళ్లతో మాట్లాడిన మనిషే రాసేవారు, ప్రతిసారీ మాటలు కొద్దిగా మార్చి. ఐదేళ్లలో 24 ఉత్తరాలు.

పూర్తి ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. ఉత్తరాలు అందుకున్న గుంపులో ఆత్మహత్యలు తగ్గాయి. ముఖ్యంగా మొదటి రెండేళ్లలో తేడా స్పష్టంగా ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా మెల్లగా కరిగిపోయింది, అదీ చెప్పాలి.

తర్వాత ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌లో ఇలాగే పోస్టుకార్డులతో చేశారు, ఏడాదిలో ఎనిమిది కార్డులు, 2005లో అచ్చయింది. అక్కడ మళ్లీ ప్రయత్నించిన ‘మనుషుల’ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ‘ప్రయత్నాల’ మొత్తం మాత్రం దాదాపు సగానికి తగ్గింది. కాబట్టి పోస్టుకార్డు మంత్రమని నేను అనను.

మూడో మెట్టు | మంగళవారం, మధ్యాహ్నం 2:02

బాగుంది టీచర్‌గారూ, కానీ అది వేరు, ఇది వేరు. వాళ్లు బతకాలా వద్దా అన్న స్థితిలో ఉన్నవాళ్లు. మేము బతుకుతాం, కాకపోతే ఎలా బతకాలో తెలియదు.

లెక్కల టీచర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:20

ఒప్పుకుంటాను. రెంటికీ ముడిపెట్టడం తొందరపాటే. జవాబు అడగని ఉత్తరం అన్న భాగం మాత్రం ఇక్కడికీ పనికొస్తుందని నా ఊహ. ఊహే.

గోడ గడియారం | మంగళవారం, రాత్రి 9:48

మా పాప ఆరేళ్లకి పోయింది. ఇప్పటికి తొమ్మిదేళ్లు.

మొదటి పదిహేను రోజులు ఇల్లంతా జనం. ఆ రోజులు అసలు కష్టమైనవి కావు, ఎందుకంటే అప్పుడు నాకు స్పృహే లేదు. కష్టం మూడో నెలలో వచ్చింది. అందరూ తమ పనుల్లో పడ్డారు, పడాలి కూడా. అప్పుడు మొదటిసారి ఇంట్లో నిశ్శబ్దం వినిపించింది. ఎవరైనా వద్దామనుకుంటే అప్పుడు రావాలి.

ఇంకొకటి. జనం పాప పేరు ఎత్తడం మానేశారు. ఎత్తితే నేను ఏడుస్తానని. నేను ఏడవడం ఆపింది ఎప్పుడు గనక? మా ఎదురింటి ఆవిడ ఒక్కతే, ప్రతి ఏడాదీ పాప పుట్టినరోజున పొద్దున్నే మెసేజ్ పెడుతుంది. పాప పేరు, ‘ఈ రోజు గుర్తుంది’, అంతే. పేరు స్పెల్లింగ్ కూడా పాప స్కూల్లో రాసుకునేటట్టే రాస్తుంది. చివర రెండు అక్షరాలు ఎక్కువ పెట్టుకునేది అది, స్టైలుకి. ఆవిడకి ఆ సంగతి ఎలా గుర్తుందో నాకు తెలియదు.

టీచర్‌గారు ప్రయోగాలు చెప్పారు కాబట్టి నేనొక నిజంగా జరిగింది చెప్తాను. ఇంగ్లండులోని కొవెంట్రీలో 1968లో ఇద్దరు అబ్బాయిలు కొద్ది రోజుల తేడాలో ఒకే ఆసుపత్రిలో చనిపోయారు. అక్కడ పనిచేసే సైమన్ స్టీఫెన్స్ అనే యువ చాప్లిన్‌కి (ఆసుపత్రిలో ఉండే పాస్టర్)  రెండు కుటుంబాలూ తెలుసు. ఒక కుటుంబం రెండో కుటుంబానికి పూలు పంపింది. వాళ్లు కృతజ్ఞత చెప్పడానికి ఫోన్ చేశారు, కలిశారు, మాట్లాడుకున్నారు. తాను ఎంత ప్రయత్నించినా ఇవ్వలేని ఊరట ఆ తల్లిదండ్రులు ఒకరికొకరు ఇచ్చుకోవడం ఆయన గమనించాడు. 1969లో దాన్నుంచే ‘కంపాషనేట్ ఫ్రెండ్స్’ అనే సంఘం పుట్టింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే నడుపుకునే సంఘం, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఆ పూలు పంపిన తల్లి సంఘం పెడదామని పంపలేదు కదా.

శిబిరం మనిషి | మంగళవారం, రాత్రి 11:25

వరదలు, తుపాన్లు వచ్చినప్పుడు సహాయ శిబిరాల్లో పనిచేస్తుంటాను. ఇక్కడ అందరూ దయ గురించి బాగా రాస్తున్నారు కాబట్టి నేను కొంచెం చెడ్డవాణ్ణవుతాను.

విపత్తు తర్వాత వచ్చిపడే సామాన్లని ఈ పనిలో ఉన్నవాళ్లు ‘రెండో విపత్తు’ అంటారు. అతిశయోక్తి కాదు. 2012 డిసెంబరులో అమెరికాలో న్యూటౌన్ అనే ఊళ్లో స్కూల్లో కాల్పులు జరిగి 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు చనిపోయారు. ప్రపంచం నలుమూలల నుంచి ఆ చిన్న ఊరికి 60 వేలకు పైగా టెడ్డీ బొమ్మలు వచ్చాయి. వాటిని పెట్టడానికి పెద్ద గోడౌన్ వెతుక్కోవాల్సి వచ్చింది, లెక్కపెట్టడానికి మనుషులు కావాల్సి వచ్చింది. పంపిన ప్రతి ఒక్కరి మనసూ మంచిదే. మా శిబిరాలకీ తడిసిన పాత బట్టల మూటలు వస్తాయి. వాటిని వేరు చేయడానికే పదిమంది వాలంటీర్లు రోజంతా పోతారు.

రెండో రకం ఇంకా ప్రమాదం. మైకు పట్టుకున్నట్టు ఎదురుగా కూర్చుని, “ఏం జరిగిందో చెప్పండి, చెప్తే మనసు తేలికవుతుంది” అనేవాళ్లు. ఒకప్పుడు ఇది పద్ధతి ప్రకారమే చేసేవాళ్లు. ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క సిటింగులో అంతా చెప్పించడం. దానివల్ల తర్వాతి మానసిక సమస్యలు ఆగుతాయన్న ఆధారం దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే అంటుంది. వాళ్లు 2011లో తెచ్చిన చిన్న మార్గదర్శి మాకు శిక్షణలో ఇస్తారు. అందులో సారం మూడు పనులు: చూడు, విను, కలుపు. కలుపు అంటే మనిషిని ఆయనకి కావాల్సిన సమాచారంతో, తనవాళ్లతో కలపడం. చెప్పమని బలవంతపెట్టడం అందులో ఎక్కడా లేదు.

తిట్టడం అయింది కాబట్టి మంచి మాట. ఒక శిబిరానికి ఒక పెద్దావిడ అట్టపెట్టె నిండా కళ్లజోళ్లు తెచ్చింది. చదువుకునేవి, రకరకాల పవర్లవి. నేను లోపల్లోపల విసుక్కున్నాను కూడా. కానీ నీళ్లొచ్చినప్పుడు ప్రాణాలు పట్టుకుని పరిగెత్తినవాళ్లలో జోడు తెచ్చుకున్నవాళ్లెందరు? నష్టపరిహారం ఫారాలు, మందుల చీటీలు, తప్పిపోయినవాళ్ల జాబితాలు, అన్నీ చదవాలి. ఒక తాత ఒక్కొక్కటే పెట్టుకుని చూసి, ఐదోదానికి ఆగి, గోడకి అంటించిన జాబితా దగ్గరికి తనే వెళ్లి చదువుకున్నాడు. అప్పటిదాకా రోజుకి నాలుగుసార్లు ఎవరో ఒకర్ని పిలిచి చదివించుకునేవాడు.

అలాంటిదే పెద్ద ఎత్తున గాండర్‌లో జరిగింది. 2001 సెప్టెంబరు 11న అమెరికా గగనతలం మూసేసినప్పుడు కెనడాలోని ఆ ఊళ్లో 38 విమానాలు దిగాయి. ఊరి జనాభా దాదాపు 10 వేలు, దిగినవాళ్లు 6,500కి పైనే. సమ్మెలో ఉన్న స్కూలు బస్సుల డ్రైవర్లు సమ్మె పక్కనపెట్టి బస్సులు తీశారు. ప్రయాణికుల మందులన్నీ విమానం కింద లగేజీలో ఇరుక్కుపోతే, మందుల షాపులవాళ్లు వాళ్ల వాళ్ల దేశాల్లోని డాక్టర్లకి ఫోన్లు చేసి కనుక్కుని మందులిచ్చారు. గాండర్ కథ అనగానే అందరూ పెద్దమనసు అంటారు. నాకు మాత్రం ఆ మందుల ఫోన్లే నచ్చుతాయి. బీపీ మాత్ర పేరు కనుక్కోవడానికి ఖండాంతరం ఫోన్ చేయడం!

నిన్నే చేరాను | బుధవారం, రాత్రి 2:51

అందరికీ నమస్కారం. మా నాన్నగారు పోయి 19 రోజులు. గుండెపోటు. మీరంతా సాయం చేసినవాళ్ల గురించి ఇంత బాగా రాస్తున్నారు. నాకేమో ఎవరు సాయం చేయడానికి వచ్చినా కోపం వస్తోంది. నిన్న మా మేనత్త నాన్న చెప్పులు తీసి లోపల పెట్టేసింది, అమ్మ చూసి బాధపడుతుందని. నేను అరిచాను. చెప్పులు మళ్లీ గుమ్మం పక్కన పెట్టాను. అత్త ఏడుస్తూ వెళ్లిపోయింది. నేను రాక్షసుడినా? ఆఖరిసారి నాన్నతో మాట్లాడినప్పుడు కూడా మీటింగులో ఉన్నానని విసుక్కుని పెట్టేశాను. నిద్ర పట్టడం లేదు.

పాత డైరీ | బుధవారం, రాత్రి 3:04

నేనూ మేలుకునే ఉన్నాను. మా తమ్ముడితో నా ఆఖరి మాటలు ఒక గొడుగు గురించి. నా నీలం గొడుగు ఎక్కడ పారేశావురా అని అరిచాను. “నేను తీయలేదు తల్లీ” అన్నాడు. అబద్ధాలాడకని ఫోన్ పెట్టేశాను. ఇంట్లోవాళ్లతో మన ఆఖరి మాటలు మామూలు మాటలే అవుతాయండీ, ఎందుకంటే అవి ఆఖరివని తెలియదు.

చెప్పులు అక్కడే ఉండనివ్వండి.

రాత్రి డ్యూటీ | బుధవారం, రాత్రి 3:20

డ్యూటీలో ఉన్నా, త్వరగా రాస్తున్నా. మీరు రాక్షసుడు కాదు. కోపం, నిద్రలేకపోవడం 19వ రోజున జబ్బు లక్షణాలు కావు. దుఃఖం విడవకుండా ఉండిపోయే ఒక సమస్యకి వైద్యంలో పేరుంది, కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో కనీసం ఆరు నెలలు దాటితే గానీ ఆ మాట ఎత్తరు. అమెరికా సైకియాట్రిస్టుల లెక్కలో పెద్దవాళ్లకైతే ఏడాది. అలాగని అప్పటిదాకా ఒంటరిగా భరించాలని కాదు. నిద్ర ఇలాగే పోతుంటే డాక్టరుకి చూపించండి. బతకాలనిపించని ఆలోచనలేవైనా వస్తే మాత్రం ఎన్ని రోజులని చూడకండి, వెంటనే పక్కనున్నవాళ్లని లేపండి లేదా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

అత్తగారికి రేపు ఒక్క మెసేజ్: ‘చెప్పులు అక్కడే ఉండనివ్వాలనిపించింది అత్తా, నీ మీద కోపం కాదు.’ చాలు.

మూడో మెట్టు | బుధవారం, ఉదయం 5:45

బాబూ, నాదొక మాట. నీకు రాయాలనిపించకపోవచ్చు, మేం రాసిందానికి జవాబివ్వాలనే మొహమాటం వద్దు. రోజూ ఒకసారి ఇక్కడికొచ్చి ఒక చుక్క పెట్టు. ఉత్త చుక్క. ఉన్నావని మాకు తెలుస్తుంది. ఎవరూ ఏమీ అడగరు.

మోడరేటర్ | బుధవారం, ఉదయం 9:00

మామూలుగా ఖాళీ పోస్టులు తీసేస్తుంటాం. ఈ థ్రెడ్‌లో చుక్కలు తీయబడవు.

ఊరికే చదివేవాణ్ణి | బుధవారం, సాయంత్రం 4:36

మొదటిసారి రాస్తున్నా. అందుకున్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఇచ్చినవాళ్ల సంగతి? చోక్టా అనే అమెరికా ఆదివాసీ జాతిని 1831 నుంచి వాళ్ల నేల మీంచి తరిమారు. ఆ నడకలో వేలమంది పోయారు. పదహారేళ్లు తిరగకుండానే, 1847లో, ఐర్లండులో జనం కరువుతో చనిపోతున్నారని విని తమలో తాము 170 డాలర్లు పోగుచేసి పంపారు. తాము ఎన్నడూ చూడని మనుషులకి. ఐర్లండువాళ్లు మర్చిపోలేదు. 2020లో కరోనా నవాహో, హోపీ అనే మరో రెండు అమెరికా ఆదివాసీ జాతుల్ని కుదిపేసినప్పుడు, చోక్టాల రుణం తలుచుకుంటూ వేలాది ఐరిష్ జనం విరాళాలు పంపారు.

ఆ 170 డాలర్లు పోగుచేస్తున్నప్పుడు చోక్టాలకి ఏమనిపించి ఉంటుందా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మా అమ్మ పోయాక నేనూ మనిషినే అని నాకు మొదటిసారి అనిపించింది, ఎవరో పోయిన ఇంట్లో కుర్చీలు మోస్తున్నప్పుడు. ఎందుకో తెలియదు.

నిన్నే చేరాను | గురువారం, రాత్రి 1:17

.

వెనక బెంచీ | గురువారం, ఉదయం 11:08

జోకులేయడం నా అలవాటు, ఈ థ్రెడ్‌లో ఇక వేయబుద్ధి కావడం లేదు. నాదొక తప్పు ఉంది. మూడేళ్ల క్రితం నా స్నేహితుడి కొడుకు పోయాడు. నేను వెళ్లలేదు. ఏం మాట్లాడాలో తెలియక మొదటి వారం వాయిదా వేశాను. రెండో వారం వెళ్తే ‘ఇప్పుడొచ్చావా’ అంటాడని భయం. నెల అయ్యాక ఇక మొహం చెల్లలేదు. ఒకసారి రోడ్డు మీద ఎదురుగా వస్తుంటే చూసి సందు తిరిగిపోయాను. ఆ సందు నాకు రోజూ గుర్తొస్తుంది. ఇప్పుడు రాస్తే ఏం బాగుంటుంది?

గోడ గడియారం | గురువారం, ఉదయం 11:40

మూడేళ్లు మీకు ఆలస్యం. ఆయనకి కాదు. మూడో ఏడాది ఎవరూ రాయరు కాబట్టి మీదొక్కటే వస్తుంది.

లెక్కల టీచర్ | గురువారం, మధ్యాహ్నం 12:30

దీని మీదా 2022లో ఒక అధ్యయనం వచ్చింది, పెగ్గీ లియు అనే పరిశోధకురాలి బృందం చేసింది. చాన్నాళ్లుగా మాటల్లేని వాళ్లకి ఉన్నట్టుండి చిన్న పలకరింపు పంపితే అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారని అడిగితే, పంపేవాళ్లు ఎప్పుడూ తక్కువే అంచనా వేశారు. అనుకోకుండా రావడమే అందుకున్నవాళ్లకి నచ్చింది. పంపేవాడు మాత్రం ‘ఇది సరిగ్గా రాశానా, అసందర్భంగా ఉందా’ అనే టెన్షన్‌లో ఉంటాడు. అయితే అవి మామూలు పలకరింపులు, బిడ్డ పోయిన ఇంటికి రాసినవి కావు.

మూడో మెట్టు | గురువారం, మధ్యాహ్నం 12:52

రాయి, కానీ ఒక షరతు. నీ అపరాధభావం అంతా అందులో కుమ్మరించకు. ‘నేనెంత చెడ్డవాణ్ణి, నిద్రపట్టలేదు, క్షమించు’ అని రెండు పేజీలు రాస్తే నిన్ను ఓదార్చే పని మళ్లీ అతనిదే అవుతుంది. అప్పుడు రాలేకపోయాను, తప్పే, అని ఒక్క ముక్క. తర్వాత ఆ పిల్లాడి గురించి నీకు గుర్తున్నది ఏదైనా రాయి. తండ్రికి తెలియనిది ఉంటే మరీ మంచిది.

వెనక బెంచీ | గురువారం, మధ్యాహ్నం 1:05

ఒకటుంది. ఒకసారి వాడు నా బైకు అద్దాలు రెండూ లోపలికి తిప్పేసి, “అంకుల్, ఇప్పుడు మీరు మిమ్మల్నే చూసుకుంటూ నడపాలి” అన్నాడు. అప్పుడు వాళ్ల నాన్న లోపల ఉన్నాడు, చూడలేదు.

గోడ గడియారం | గురువారం, మధ్యాహ్నం 1:07

అదే రాయండి. ఇవాళే.

నిన్నే చేరాను | శుక్రవారం, రాత్రి 12:40

.

నిన్నే చేరాను | శనివారం, ఉదయం 6:15

. అత్త వచ్చింది. చెప్పుల మీద దుమ్ము తుడిచి అక్కడే పెట్టింది. ఐదు గంటలు నిద్రపోయాను.

వెనక బెంచీ | శనివారం, రాత్రి 8:30

పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఫర్వాలేదు, అడగలేదుగా.

పాత డైరీ | ఆదివారం, సాయంత్రం 5:50

‘వెనక బెంచీ’ గారిని చూశాక నాకూ సిగ్గేసింది. ఆ ఆఫీసు అబ్బాయికి నేను ఈ నాలుగేళ్లలో ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదు. పేరు తప్ప ఏమీ తెలియదు. తమ్ముడి పాత సహోద్యోగుల్లో ఇద్దర్ని అడిగితే నంబరు దొరికింది. వేరే కంపెనీకి మారాడట.

ఫోన్ చేసి ఫలానా అని చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత గబగబా సారీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఫోటో ఇవ్వడం తప్పేమోనని, మమ్మల్ని ఇంకా ఏడిపించానేమోనని ఇన్నేళ్లూ మథనపడుతున్నాడట. కవర్ల మీద పెన్సిల్‌తో ఎందుకు రాశావని అడిగాను. “మీకు వద్దనిపిస్తే చెరిపేసుకుంటారని అక్కా” అన్నాడు.

పెట్టేసే ముందు కొంచెం నసిగాడు. ఆ రోజు నిజానికి రెండు ఫోటోలు తీశాడట. రెండోది వెనక నుంచి, కుర్చీ కనబడేలా. ఖాళీ కుర్చీ కదా, ఇవ్వాలనిపించలేదట. ఇప్పటికీ ఉందా అంటే ఉందన్నాడు. పంపమన్నాను.

ఇప్పుడే వచ్చింది. కుర్చీ కొంచెం పక్కకి తిరిగి ఉంది, ఇప్పుడే లేచి వెళ్లినట్టు. కుర్చీ చేతికి నా నీలం గొడుగు వేలాడుతోంది.

తీయలేదన్నాడు, వెధవ.